రష్యన్ స్వీటుకి నికెల్ పూత

1979 అక్టోబరులో నన్ను హెల్పర్ నుంచి సెకండ్ ప్లేటర్‌గా, అంటే పూత పనిలో రెండోవాడిగా, వేశారు. న్యూజెర్సీలో, పిస్కాటవే అనే ఊరికి కారులో అరగంట దూరాన, ఎల్పీ రికార్డులు తయారుచేసే ఫ్యాక్టరీ అది. మా గదిలో ఫస్ట్ ప్లేటర్ డొలోరెస్, మా ఇద్దరి పైనా ఫోర్‌మన్ ఫ్రాంక్. ఆ హోదాలో నా చేతికొచ్చిన మొదటి పెద్ద పని ఒక రష్యన్ బ్యాలే సంగీతం. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది బందరు పక్కన చిలకలపూడి. గిల్టు నగలకి పేరున్న ఊరు. బడికి పోవాల్సిన వయసులో నన్ను పూత తొట్టి దగ్గర నిలబెట్టారు. ఇత్తడి గాజు ముంచితే బంగారు గాజై పైకి రావాలి, అదే మా చదువు. ముప్పై అయిదు దాటాక, ఇక్కడ నర్సుగా స్థిరపడిన మా చెల్లెలు సుభద్ర నన్ను రప్పించుకుంది. వచ్చిన వారానికే లైబ్రరీలో పెద్దవాళ్ళ క్లాసులో కూర్చోబెట్టింది. ముందు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. తెలుగు అక్షరాలు ఆ తర్వాత వంటింటి బల్ల మీద తనే నేర్పింది. ఇది ఆ అక్షరాలతోనే రాస్తున్నాను.

ఇక పని సంగతి. అల్యూమినియం పళ్ళెం మీద లక్కలాంటి నల్లటి పూత ఉంటుంది. దాన్ని లాకర్ అంటారు. కటింగ్ లేత్ అనే తిరిగే యంత్రం మీద ఒక సూది ఆ లాకర్‌లో పాటని గాడిగా చెక్కుతుంది. లాకర్ మెత్తన. దాంతో అచ్చు వేయలేం. అందుకని దాని మీద వెండి చల్లి, నికెల్ తొట్టిలో దించి, కరెంటు పెట్టి దళసరిగా పూత కట్టిస్తాం. ఆ పూతని ఒలిచి తీస్తే, గాడి ఉన్నచోట గట్టు తేలిన లోహపు పళ్ళెం వస్తుంది. దాని పేరు ఫాదర్. ఫాదర్ మీద మళ్ళీ పూత కట్టించి మదర్‌ని, మదర్ మీద స్టాంపర్‌ని తీస్తాం. ప్రెస్సులో ప్లాస్టిక్కుని వత్తేది స్టాంపరే. ఈ వరస విని సుభద్ర, “తండ్రి కడుపున తల్లి పుట్టడం మీ ఫ్యాక్టరీలోనే విన్నాను అన్నయ్యా,” అని పడీపడీ నవ్వింది.

ఒలిచేటప్పుడు లాకర్ పాడైపోతుంది. మామూలుగా దాని గురించి ఎవరూ బెంగపడరు. టేపు ఉంటుంది, ఇంకో లాకర్ చెక్కుకోవచ్చు.

ఒక సోమవారం ఫ్రాంక్ గదిలోకి వచ్చి, వచ్చేవారం మనకో రష్యన్ స్వీట్ వస్తోంది, అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకోండి అన్నాడు. నాకు ప్రమోషన్ వచ్చిన వారం. కస్టమరు రష్యావాడు కాబోలు, మిఠాయి పంచుతున్నాడు కాబోలు అనుకున్నాను. ఊరికే తింటే బాగుండదని సుభద్ర చేత సున్నుండలు చేయించి ఆ మరుసటి సోమవారం డబ్బా పట్టుకెళ్ళాను. ఎందుకు తెచ్చానో ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. రష్యా మిఠాయి మాత్రం రాలేదు.

ఆ మర్నాడు రికార్డు మీద అంటించే లేబుల్ నమూనా వచ్చింది. కొత్తగా వచ్చిన చదువు, ఏది కనిపిస్తే అది పైకి చదివే రోజులు. ఎస్, యు, ఐ, టి, ఈ. “సూట్” అని గట్టిగా చదివాను. ఫ్రాంక్ స్వీట్ అన్నది ఆ మాటనేనట. నా పేరు కోటేశ్వరరావు. అక్కడ నోరు తిరక్క కోటి అయింది, కోటి కూడా అరిగి కోట్ అయింది. డొలోరెస్ చేతిలో వెండి చల్లే స్ప్రే గన్ కిందపెట్టి, “కోట్ ముందే ఉన్నాడు, ఇప్పుడు సూట్ కూడా వచ్చింది. ఇంక ప్యాంటే తక్కువ!” అంది. రెండు రోజులు ఆ గదిలో అదే నవ్వు.

ఇంటికెళ్ళి సుభద్ర మీద ఎగిరాను. రాసేది సూట్, పలికేది స్వీట్, అర్థం రెండూ కాదు, మరి ఆ క్లాసులో నాకు నేర్పింది ఏమిటని. “అక్షరాలు నేర్పారు గానీ వాటిని నమ్మమనలేదుగా,” అంది.

అర్థం చెప్పింది ఫ్రాంకే. బ్యాలే అంటే సాయంత్రమంతా సాగే నాట్యం. దాని సంగీతంలోంచి మంచి మంచి తునకలు ఏరి, నర్తకులు లేకుండా ఆర్కెస్ట్రా ఒక్కటే వాయించేలా గుచ్చితే అది స్వీట్. ఆ మాత్రం నాకు ఇట్టే అందింది. మా వైపు నాటకం తెల్లవార్లూ ఆడేది, గ్రామఫోన్ ప్లేటు మీదికి పద్యాలే ఎక్కేవి. జనం ఆ పద్యాలు వింటూనే నాటకమంతా కళ్ళముందు చూసుకునేవారు. ఇదీ అదే.

అయితే ఈ స్వీటుతో ఒక చిక్కుంది. ఇలాంటివి దాదాపు అన్నీ పెద్ద హోరుతో ముగుస్తాయి. రికార్డు చూస్తే అంచు నుంచి మధ్యకి తిరుగుతుంది. మధ్యకి వచ్చేసరికి చుట్టు చిన్నదై గాడి ఇరుకైపోతుంది. అంటే అన్నిటికన్నా పెద్ద చప్పుడు అన్నిటికన్నా ఇరుకు చోట పడుతుంది. దీనికి తోడు ఆ కస్టమరు టేపు వద్దన్నాడు. ఆర్కెస్ట్రా వాయిస్తుంటే మైకుల నుంచి నేరుగా లాకర్ మీదికే చెక్కాలి. దాన్ని డైరెక్ట్ కటింగ్ అనేవారు, అప్పట్లో దానికి మంచి గిరాకీ. రికార్డు ఒక పక్క మొదలుపెడితే చివరిదాకా ఆగడం లేదు, తప్పు దిద్దడం లేదు.

చెక్కిన లాకర్ మీద వీలైనంత త్వరగా వెండి పడాలి. అందుకని ఫ్రాంక్ మా ఇద్దర్నీ కూడా రికార్డింగుకి తీసుకెళ్ళాడు. నది అవతల న్యూయార్కులో ఒక పాత హాలు. పక్కగదిలో రెండు లేత్‌లు. ఒకటి పోతే ఒకటి ఉంటుందని రెంటి మీదా ఒకేసారి చెక్కుతారు. లేత్ ఇంజినీరు పక్కన ఒకామె స్వరాల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. పెద్ద చప్పుడు వచ్చే ముందు ఆమె వేలెత్తుతుంది, అతను గాడికీ గాడికీ మధ్య ఎడం పెంచుతాడు. ముందే పెంచితే చివర చోటు చాలదు, ఆలస్యమైతే గాడి పక్క గాడిలోకి దూసుకుపోతుంది.

మొదటిసారి సగంలో బూర ఒకటి గొంతు జీరపోయినట్టు పలికింది. రెండు లాకర్లూ చెత్తలోకి. రెండోసారి అంతా బ్రహ్మాండంగా సాగి, ఆఖరి నిమిషంలో ఎవరిదో కుర్చీ కిర్రుమంది. మళ్ళీ రెండూ చెత్తలోకి. ఆర్కెస్ట్రాకి ఇచ్చిన వేళలో ఇంకొక్కసారికే వ్యవధి ఉంది.

మూడోసారి నేను హాలుకీ ఆ గదికీ మధ్యనున్న అద్దం దగ్గరే నిలబడ్డాను. వయొలిన్లు పిల్లకాలువలా మొదలయ్యాయి. సూది కింద నుంచి నల్లటి పోగు సన్నగా లేస్తోంది, గొట్టం దాన్ని పీల్చుకుంటోంది. కొసకి వచ్చేసరికి బూరలన్నీ ఒక్కసారి నిలబడి అరిచినట్టుంది. నేల నా చెప్పుల్లోంచి అదురుతోంది. ఆమె వేలు ఎత్తింది, దించలేదు. సూది మధ్యకి మధ్యకి జరుగుతోంది. డొలోరెస్ నా మోచెయ్యి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే రెండో లేత్ మీద పోగు తెగి సూదికి చుట్టుకుంది. దాని దగ్గరున్న ఇంజినీరు తల పట్టుకున్నాడు. మొదటి లేత్ మాత్రం ఆగలేదు. ఆఖరి పెద్ద డ్రమ్ము దెబ్బ పడింది, గాడి బొద్దుగా ఒక్క వంపు తిరిగి చదునైంది. చోటు సరిపోయింది! అరవకూడదని మేమంతా నోళ్ళు మూసుకుని గెంతాం.

ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టరు చెమటతో తడిసిన చొక్కాతో వచ్చాడు. మిగిలిన లాకర్ ఒక్కటేనని విన్నాడు. అది ఎవరి చేతికి వెళుతోందని అడిగాడు. ఫ్రాంక్ మమ్మల్ని చూపించాడు. “దాన్ని ఇంకోసారి వాయించగలం,” అన్నాడు ఆయన, “కానీ అలా కాదు.”

దారి పొడుగునా లాకర్ పెట్టిన డబ్బా నా ఒళ్ళోనే. డొలోరెస్ డ్రైవింగు. గుంట వచ్చినప్పుడల్లా ఫ్రాంక్ వెనక సీట్లోంచి దేవుణ్ణి పిలిచాడు. “దేవుణ్ణి కాదు, స్టీరింగ్ నా చేతిలో ఉంది, నన్ను పిలు!” అంది డొలోరెస్.

మా గదికి చేరగానే లాకర్‌ని కడిగాం, వెండి అంటుకునేలా తగరపు నీళ్ళు పోశాం, మళ్ళీ కడిగాం. డొలోరెస్ గన్ పట్టింది. రెండు గొట్టాల్లోంచి రెండు ద్రావకాలు కలిసి పడగానే నల్లటి పళ్ళెం కళ్ళముందే అద్దమవుతుంది. ఎన్నిసార్లు చూసినా అది గారడీయే. ఆ రోజూ అయింది, ఒక్కచోట తప్ప. మధ్యకి దగ్గరగా, సరిగ్గా ఆ ఆఖరి దెబ్బ దగ్గర, బొటనవేలి గోరంత మేర మసకగా ఉండిపోయింది. బొద్దు గాడి అడుగున ఏదో జిడ్డు, వెండి కూర్చోలేదు.

దారులు రెండు. అలాగే నికెల్‌లోకి దించడం, లేదా వెండినంతా కరిగించి మళ్ళీ చల్లడం. కరిగించే నీళ్ళు లాకర్‌ని కూడా కొరకవచ్చు. కొరికితే రికార్డంతా బుసబుసలు, ఆ వాయింపు పోయినట్టే. నేను దించేద్దామన్నాను, గట్టిగానే అన్నాను. నా చేతుల మీదుగా ఎన్ని గాజులు వెళ్ళాయి! మసక ఎప్పుడూ లోపలే ఉంటుంది. పైన రెండు పూతలు పడితే అత్తగారు కూడా పట్టుకోలేదు. “నికెల్ ఎక్కితే కప్పేస్తుంది ఫ్రాంక్, నా మాట విను,” అన్నాను.

ఫ్రాంక్ పళ్ళెం మీంచి కళ్ళు తిప్పలేదు. “కప్పేస్తుంది కోట్. కానీ మనం అమ్మేది ఆ వైపు కాదు.”

నిజమే కదా! గిల్టు పనిలో పూత ఉండిపోతుంది, అడుగున ఇత్తడి ఎవరికీ కనపడదు. ఇక్కడ అడుగున ఉన్నదాన్ని పారేస్తాం, పూతని ఒలిచి తిరగేస్తాం. లాకర్‌కి ఆనుకున్న ముఖమే పనికొచ్చే ముఖం. పైన మెరుపుతో ఎవరికీ పనిలేదు. మసక మీద నికెల్ కట్టిస్తే ఆ మసకే అచ్చయి ఇంటింటికీ వెళుతుంది. ఇన్నాళ్ళూ ఆ గదిలో పనిచేస్తూ చేతులు ఇక్కడ పెట్టానుగానీ, కళ్ళు చిలకలపూడిలోనే వదిలేశాను.

ఫ్రాంక్ కరిగించమన్నాడు. ఆ మాట చెప్పాల్సినవాడు అతనే, పోతే ఉద్యోగం పోయేదీ అతనిదే. నేను పళ్ళెం పట్టుకున్నాను, డొలోరెస్ పోసింది. వెండి పొగలా కరిగి జారిపోయింది. వెంటనే నీళ్ళు, మళ్ళీ నీళ్ళు. ఆ గాడి మీద డొలోరెస్ మెత్తటి కుంచెతో పసిబిడ్డకి ముఖం తుడిచినట్టు తుడిచింది. మళ్ళీ గన్. ఈసారి అంచు నుంచి మధ్యదాకా ఒకటే అద్దం. వంగి చూస్తే మా మూడు ముఖాలూ కనిపించాయి, మూడూ పాలిపోయి.

నికెల్ తొట్టిలో మొదట కరెంటు తక్కువ పెట్టాలి, తొందరపడితే పూత బిగిసి వంకరపోతుంది. మెల్లగా పెంచుతూ సాయంత్రందాకా కాచుకున్నాం. నేను తెచ్చిన డబ్బాలో మిగిలిన సున్నుండలు ఆ వేళే అయిపోయాయి. ఫ్రాంక్ చేతులు నేతితో జిడ్డు కాగానే డొలోరెస్ అతన్ని తొట్టి దగ్గరికి రానివ్వలేదు. “బాసువైతే ఏం, సబ్బు ఆ మూల ఉంది,” అంది.

ఒలిచే పని నాకిచ్చారు. అంచు అరగదీసి, పల్చటి రేకు దూర్చి, చుట్టూ కొంచెం కొంచెం లేపాలి. టిక్కుమంది. ఒక్క ఊపున విడివడింది. లాకర్ ముక్కలుగా లేచి వచ్చింది. ఇక వెనక్కి దారి లేదు. ఫాదర్‌ని దీపం కింద తిప్పాం. కంటికి బాగానే ఉంది, కానీ కన్ను పాట వినదు కదా.

ఫాదర్ మీద గట్లుంటాయి, సూది నడవదు. మదర్ మీద గాడి ఉంటుంది, దాన్ని వాయించవచ్చు. మర్నాడు మధ్యాహ్నానికి మదర్‌ని తీసి పరీక్ష గదిలో పెట్టాం. వయొలిన్లు వచ్చాయి. బుస లేదు. డొలోరెస్ గోళ్ళు కొరుకుతోంది. బూరలు నిలబడ్డాయి. సూది మధ్యకి జరిగింది, ఆ గోరంత చోటుకి. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. దెబ్బ పడింది! శుభ్రంగా, గుండ్రంగా, హాల్లో నా చెప్పుల్లోంచి వచ్చిన అదురుతో సహా. డొలోరెస్ బల్ల మీద గుద్దింది. ఫ్రాంక్ నన్ను ఎత్తి దించాడు. అతనికప్పటికే అరవై దగ్గర, నేనేమో బక్కవాణ్ణి కాను.

“మళ్ళీ పెట్టు,” అన్నాను. మదర్‌ని ఊరికే వాయించకూడదు, అరుగుతుంది, అది నిబంధన. ఫ్రాంక్ తలుపు మూసి మళ్ళీ పెట్టాడు.

ఎనభైల చివర్లో సీడీలు వచ్చి ఆ గది మూసేసేదాకా అక్కడే పనిచేశాను. డొలోరెస్ రిటైరయ్యాక ఫస్ట్ ప్లేటర్‌నయ్యాను. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఒకటే చెప్పేవాణ్ణి. పూత రెండు రకాలు. కప్పే పూత ఒకటి, చెప్పే పూత ఒకటి. నువ్వు వేస్తున్నది ఏదో తొట్టిలో దించకముందే తెలుసుకో. దించాక రెండూ ఒకేలా మెరుస్తాయి.