మోగని టైర్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. అలాంటి కోపం ఒక టైర్ల కొట్టు ముందు నోట్లోనే ఆరిపోయిన రోజు ఒకటుంది. 

మేం ఉండేది పోర్టు పక్కనే, గార్డెన్ రీచ్‌లో. నాన్న పోర్టులో ట్రైలర్ నడిపి రిటైరయ్యాడు. నేను భవానీపూర్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తాను. కారు కొన్నాక నేను చేసిన మొదటి ఘనకార్యం, దానితో వచ్చిన పద్నాలుగు అంగుళాల ఇనుప చక్రాలు పీకించి పదహారు అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించడం. ఎండ పడితే తళతళలాడేవి. "బండికి నగలెట్టినావేటే?" అని అమ్మ వెక్కిరించేది. పెట్టాను, నా సోకు నాది అనేదాన్ని.

ఆ తర్వాత అమ్మకి వెన్నెముక ఆపరేషన్ అయింది. వారానికి మూడుసార్లు భవానీపూర్‌లో ఫిజియోథెరపీ చేయించాలని, మానేస్తే కాళ్లకి పట్టు రాదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. మా దారేమో కంటైనర్ లారీలు తిరిగే దారి. వానలకి పడిన గుంతలు, రోడ్డుకి అడ్డంగా పోర్టు రైలు పట్టాలు. వెనక సీట్లో దిండ్ల మధ్య అమ్మని పడుకోబెట్టి, రిక్షాలు కూడా నన్ను దాటిపోయేంత నెమ్మదిగా నడిపేదాన్ని. అయినా ప్రతి గుంతకీ "ప్రభువా" అని వెనక నుంచి వినపడేది. రెండో వారం ఇంటికొచ్చాక అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"నన్నొగ్గీండి. కాళ్లు పోతే పోనీండి. నానింక ఆ బండెక్కను."

నాకు ఒళ్లు మండిపోయింది. రోడ్డు వేయని వాళ్ల మీద, టైర్లమ్మిన వాళ్ల మీద, చివరికి అమ్మ మీద కూడా. నాన్న మాత్రం మర్నాడు పొద్దున్నే ఎప్పటిలా తన కర్ర తీసుకుని కిందికి దిగాడు.

ఆ కర్ర సంగతి చెప్పాలి. పోర్టులో బండి తీసే ముందు టైర్లన్నిటినీ ఇనుప కడ్డీతో కొట్టి వినేవారట. టైరు మోగితే గాలి నిండుగా ఉన్నట్టు, దబ్బుమంటే తగ్గినట్టు. ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఇంట్లో కడ్డీ బదులు కర్ర. నా కారు టైర్లనీ అలాగే కొట్టి, మోగేదాకా కాలి పంపుతో గాలి కొట్టేవాడు. ఆ వయసులో అంత ఓపికేమిటా అని నేను మురిసిపోయేదాన్ని.

ఆ శనివారం నాన్నని వెంటబెట్టుకుని ఏక్‌బాల్‌పూర్‌లో ఒక టైర్ల కొట్టుకి వెళ్లాను. అక్కడి ముసలి మిస్త్రీని అందరూ చాచా అంటారు. నేను కారు దిగుతూనే హిందీలో ఎత్తుకున్నాను. ఇంకా పెద్ద చక్రాలు కావాలి, గుంతలు తగలకూడదు, మా అమ్మకి నడుము ఆపరేషన్ అయింది, ఇదీ వరస. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"అమ్మగారు ఎక్కడ కూర్చుంటారు?"

వెనక పడుకుంటుందని చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుని, సీటు మీద తువ్వాలు పరిచి, అమ్మలాగే మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. కళ్లు మూసుకుని, "నడుపు బేటీ" అన్నాడు.

వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాం. ఏ గుంత ఏ టైరుకి తగిలిందో, దెబ్బ తన వీపులో ఎక్కడికి వచ్చిందో కళ్లు తెరవకుండానే చెబుతూ వచ్చాడు. నేను స్టీరింగ్ పట్టుకుని నోరెళ్లబెట్టాను. సిగ్గు కూడా వేసింది. నా కారు వెనక సీట్లో నేను ఒక్కసారైనా పడుకుని చూడలేదు.

దిగాక నా చక్రం పక్కన పద్నాలుగు అంగుళాల చక్రం ఒకటి, టైరుతో సహా నిలబెట్టాడు. రెండూ ఒకే ఎత్తు.

"బయటి కొలత మారకూడదు. అందుకని లోపల లోహం పెరిగితే రబ్బరు తగ్గుతుంది. ఇదిగో, గుంతకీ మీ అమ్మకీ మధ్య నీ టైరులో నాలుగు వేళ్ల గాలుంది. దీంట్లో ఆరు వేళ్లు."

చెయ్యి అడ్డంపెట్టి చూసుకున్నాను. నిజమే, ఆరు వేళ్లు. ఇన్నాళ్లూ కారుని ఇనుము మోస్తుందనుకున్నాను. మోసేది గాలి. డీజిల్ పొగా, కబాబుల వాసనా కలిసిన ఆ వీధి గాలే, ఆరు వేళ్ల మందాన రబ్బరులో ఉండి మా అమ్మ నడుముని కాయగలదు. ఎంత మామూలు సంగతి, ఎంత ఆశ్చర్యం. దేవుడు ఇలాంటివి ఎన్ని మన కళ్ల ముందు పెట్టాడో అనిపించింది.

తర్వాత ఆయన నా టైర్లలో గాలి కొలిచాడు. ముప్పై మూడు ఉండాల్సింది నలభై ఐదు ఉంది. "ఎవరు కొట్టారింత గాలి?" అన్నాడు.

నేను తోక తొక్కిన పాములా నాన్న వైపు తిరిగాను. ఆయన తలవంచుకుని చెయ్యెత్తాడు. చాచా ఆ కాయలు కాచిన అరచెయ్యి చూసి, "పోర్టులో చేశావా భాయ్?" అన్నాడు. నాన్న తలూపాడు.

"అక్కడ నువ్వు మోసింది సరుకు. సరుకు మూలగదు."

నాన్న పక్కనున్న పాత టైర్ల మీద కూలబడ్డాడు. నా వైపు చూడకుండా తెలుగులో అన్నాడు.

"మెత్తగుంటే దారిలో పేల్తాదని బయపడినానమ్మా. మీ యమ్మకోసరమే గట్టిగా కొట్టినాను."

అనాలనుకున్న మాట నోట్లోనే ఆరిపోయింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? సోకు నాది, భయం ఆయనది, నలిగింది అమ్మ నడుము. నా అల్లాయ్ చక్రాలు అక్కడే ఇచ్చేసి, పద్నాలుగు అంగుళాల ఇనుప చక్రాలకి ఎత్తు టైర్లు వేయించి, చాచా చెప్పినంతే గాలి పెట్టించుకున్నాం.

సోమవారం అమ్మని ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. "ఈ ఒక్కసారికి రా. నాను నీ పక్కనే కూకుంటాను" అని నాన్న బతిమాలితే కిందికి దిగింది. కారు తీసే ముందు నాన్న అలవాటు కొద్దీ టైరు మీద కర్రతో ఒక్కటి కొట్టాడు. దబ్బుమంది. ఆయన మొహం ముడుచుకుపోయింది. పంపు కోసం వెళతాడేమోనని చూశాను. వెళ్లలేదు. కర్ర డిక్కీలో పడేసి, అమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

దారంతా నేను చెవులు రిక్కించే నడిపాను. లారీలు తవ్విపోసిన గుంతలు వచ్చాయి, పోయాయి. పట్టాలు దాటాం. వెనక నుంచి "ప్రభువా" అన్న మాట రాలేదు. 

కాసేపటికి అమ్మ కళ్లు మూసుకునే అడిగింది.

"ఏటి, కొత్తగా రోడ్డేసినారేటి?"

అద్దంలో నాన్న కనబడుతున్నాడు. కిటికీలోంచి వాననీళ్లు నిండిన గుంతల్ని చూస్తూనే, అమ్మ నుదురు నిమురుతూ చెప్పాడు.

"అవునే. ఏసినారు."