ఏడు పేజీలు, మూడు నిమిషాలు

ఫిలోమెనా ఆగ్నెస్ డుబ్రోస్కీని నేను మొదటిసారి చూసింది మా పెన్సిల్వేనియా ఊళ్లో, అగ్నిమాపక దళం హాల్లో. బింగో ఆటకు ఆవిడ ఊపిరి తీసుకోకుండా అంకెలు చదువుతుంటే, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నేను ఒక్క అంకెనూ అందుకోలేకపోయాను.

విద్యుత్ కేంద్రాలు వదిలే కర్బన కాలుష్యానికి పరిమితి విధించాలని తలపెట్టిన రాష్ట్ర ప్రభుత్వం, అదే హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. మనిషికి మూడే నిమిషాలు. పరిమితిని సమర్థిస్తూ ఫిలోమెనా రాసుకున్నవి ఏడు పేజీలు. నాకు చూపిస్తే సగం కొట్టేయమన్నాను.

“ఏది కొట్టేయమంటారు టీచర్‌గారూ? వరద రెండుసార్లు నా వంటింట్లోకొచ్చిందనా? మా ఆయన ఈ ఊరి కరెంటు ప్లాంటులోనే పనిచేశాడనా?”

సభలో ఆవిడ మాట్లాడటానికి లేవగానే వెనక వరుసలోంచి ప్లాంటు కార్మికుడు రాయ్, “ఫిల్ అక్కా, ఇంటికెళ్లి లైట్లార్పుకుని కూర్చో,” అన్నాడు.

“ప్లాంటుకి తాళం వెయ్యమన్నానా రాయ్? పొగకో హద్దు పెట్టమన్నా. నీ నోటిక్కూడా అడుగుదును గానీ, టైము లేదు.”

రాయ్‌తో సహా హాలంతా నవ్వింది. ఆవిడ బింగో వేగం అందుకుని ఏడు పేజీలూ ముగించేసరికి ఇంకా పదకొండు సెకన్లు మిగిలాయి. మాటలు నమోదు చేసే ఉద్యోగిని రెండు చేతులూ పైకెత్తేసింది. రికార్డులోకి ఒక్క వాక్యమూ ఎక్కలేదు కనుక, అధికారి నవ్వాపుకుంటూ, “అమ్మా, దయచేసి మొదటినుంచి, నెమ్మదిగా,” అన్నాడు. ఫిలోమెనా పావుగంట చదివింది. నవ్వీ నవ్వీ నా కళ్లద్దాలు తడిశాయి.

సభ అయ్యాక బయట, కారు దగ్గర ఆవిడ నన్నొకటి అడిగింది.

“పై వారం పక్క కౌంటీలోనూ ఇలాంటి సభ ఉందట. మీరూ పేరు రాయించండి టీచర్‌గారూ. నేనొక్కదాన్నే అయితే సరదాగా ఉందని వదిలేస్తారు. మీరు చెబితే భయపడి రాసుకుంటారు.”