మూత మావయ్య

మా మావయ్య కెమెరా మూత తీయడం మర్చిపోతాడు. మనిషికి ఇంకే లోపమూ లేదు. అబద్ధమాడడు, గొంతు పెంచడు, అత్తయ్య మాటకి ఎదురు చెప్పడు. కానీ ఇంట్లో ఏ వేడుక జరిగినా మెళ్ళో కెమెరా వేలాడేసుకుని వచ్చి, ఫిల్ము రీలు మొత్తం మూత పెట్టి తీసేసి, "అద్భుతంగా వచ్చుంటాయి" అని చేతులు దులుపుకుంటాడు.

మూత పెట్టి ఫోటో తీయడం ఎవరికైనా సాధ్యమా అని మీకు అనుమానం రావచ్చు. లెన్సులోంచే చూసే కెమెరాలతో సాధ్యం కాదు, కంటికే చీకటైపోతుంది. మావయ్యది రేంజ్‌ఫైండర్. ఆ పాతకాలపు కెమెరాలో మనం చూసే కిటికీ వేరు, ఫిల్ముకి వెలుగిచ్చే లెన్సు వేరు. కిటికీలోంచి లోకమంతా దేదీప్యమానంగా కనిపిస్తూనే ఉంటుంది, పక్కన లెన్సు ముసుగుతన్ని పడుకుని ఉంటుంది. పైగా లెన్సు మీద ఎండ పడకుండా ముందు ఒక నల్ల గొట్టం, ఆ గొట్టం అడుగున నల్ల మూత. ఎదురుగా పళ్ళికిలించి నిలబడ్డవాళ్ళకి మూత ఉందో లేదో తెలిసే దారే లేదు.

"ఇంత దిక్కుమాలిన ఏర్పాటున్న కెమెరా ఎందుకు మావయ్యా?" అని ఓసారి అడిగాను.

మావయ్య నా వైపు జాలిగా చూశాడు. "కిటికీ మధ్యలో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతుంటే ఆ రెండు బొమ్మలూ జరుక్కుంటూ వచ్చి ఒకటైపోతాయి. ఎప్పుడైనా చూశావా?"

"చూళ్ళేదు."

"చూస్తే నీకూ మూత గుర్తుండదు."

మావయ్యకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఆదివారం సగం షట్టరు దించి, తనలాంటివాళ్ళని పోగేసుకునేవాడు. ఒక పళ్ళ డాక్టరు, ఒక రైల్వే గార్డు, బట్టల మిల్లులో పనిచేసే ఒక పెద్దాయన. ఒకరి కెమెరా ఒకరు తడుముకునేవాళ్ళు, లెన్సులు దీపానికెత్తి చూసేవాళ్ళు, కెమెరా తోలుసంచీ వాసన చూసి తలలూపేవాళ్ళు. గార్డుగారు కెమెరా చెవి దగ్గర పెట్టుకుని బటన్ నొక్కితే, ఆ చిన్న "టిక్" విని పళ్ళ డాక్టరు కళ్ళు మూసుకుని "వెన్న" అనేవాడు. ఎప్పుడైనా కళ్ళజోడు కోసం ఎవరైనా వంగుని లోపలికొస్తే, లోపలున్న వాలకం చూసి వచ్చిన దారినే పోయేవాళ్ళు. ఇన్నేళ్ళలో వాళ్ళు ఒకరి ఫోటోలు ఒకరు చూసుకోగా మాత్రం నేను చూళ్ళేదు.

మావయ్యకి ఆ పేరు పెట్టింది మా నాన్న. నాన్న హెడ్మాస్టరు. నవ్వు అనేది పిల్లల్ని పాడుచేసే వస్తువని ఆయన నమ్మకం. అలాంటి మనిషి పెద్ద సభలో షీల్డు అందుకుంటూ జీవితంలో మొదటిసారి నోరారా నవ్వాడు. ఎదురుగా మావయ్య, మెళ్ళో కెమెరా. రెండ్రోజుల తర్వాత ప్రింట్లు పట్టుకొచ్చాడు, అన్నీ బొగ్గుముక్కల్లా ఉన్నాయి.

"ఇందులో నేనెక్కడున్నాను?" అన్నాడు నాన్న.

"మధ్యలో ఉన్నావు బావా. ఇదిగో, ఇక్కడ నలుపు కొంచెం నిండుగా ఉంది చూడు."

నాన్న ఆ తర్వాత చాలాకాలం మావయ్యతో అమ్మ ద్వారానే మాట్లాడాడు. "ఆ మూత మావయ్య వచ్చాడేమో చూడు" అని నాతో అనేవాడు. అలా ఆ పేరు ఊరంతా పాకింది.

అత్తయ్య మందు కనిపెట్టాలని చూసింది. మూతకి ఎర్రదారం కట్టింది. దారం ఫోటోలకి అడ్డమొస్తోందని మావయ్య కత్తిరించేశాడు. చివరికి మూతే లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. మావయ్య రెండ్రోజులు అన్నం సహించక తిరిగాడు, మూడోరోజు మందుబిళ్ళల డబ్బా మూత ఒకటి వెతికి, నల్లరంగు పూసి, లోపల గుడ్డ అంటించి లెన్సుకి తొడిగాడు. అది అసలుదానికంటే గట్టిగా పట్టింది. అత్తయ్య ఓడిపోయి అసలు మూత తిరిగి ఇచ్చేసింది. మందుబిళ్ళల మూత ఏమైందని ఎవరూ అడగలేదు.

ఆఖరికి నన్ను నియమించారు. ఇంట్లో ఫోటో తీసేముందు మూత తీశాడా లేదా అని చూసి, తీసి నా జేబులో వేసుకోవడం నా ఉద్యోగం. జీతం లేదు, తిట్లు మాత్రం ఉన్నాయి.

ఇలా ఉండగా అమ్మమ్మకి ఎనభై ఏళ్ళు నిండే రోజొచ్చింది. కొడుకులూ కూతుళ్ళూ మనవలూ అంతా దిగారు. అమ్మమ్మకి ఒక్కటే కోరిక. అందరూ ఉన్న ఫోటో కావాలి, పెద్దది చేయించి హాల్లో తగిలించాలి, ఇంటికొక కాపీ పంపాలి. "ఒక్కరు తగ్గినా ఒప్పుకోను" అని చేతికర్ర నేలకేసి కొట్టింది.

తగ్గేది ఎవరో అందరికీ తెలుసు. మా అక్క. అంతకు కొన్నాళ్ళ ముందే అక్కకి మొహంలో నరం జబ్బు చేసి, ఎడమపక్క మొత్తం పట్టు తప్పింది. పెదవి ఓ పక్కకి జారిపోయింది, కన్ను సరిగ్గా మూసుకునేది కాదు. నెలలు పడుతుంది గానీ తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. చెప్పినా, అద్దంలో చూసుకునేది డాక్టరు కాదు కదా. బడిలో పాఠాలు చెప్పే పిల్ల సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. పలకరించడానికొచ్చిన ప్రతివాళ్ళూ జాలిపడి వెళ్ళేవాళ్ళు, అది ఇంకా బాధ. ఇప్పుడు ఆ మొహం హాలు గోడమీద శాశ్వతంగా ఉండబోతోంది, ఇంటికొక కాపీ చొప్పున. సామాన్ల గదిలో దూరి గడియ పెట్టుకుంది.

అమ్మ బతిమాలింది. నాన్న దగ్గాడు. తలుపు తెరుచుకోలేదు.

"దాన్ని వదిలెయ్యండి అత్తయ్యా" అంది అత్తయ్య అమ్మమ్మతో.

"వదిలేస్తే ఎలా? వచ్చే ఏడాదికి నేనుంటానో లేదో" అంది అమ్మమ్మ. "ఆ మూత వెధవ తీయలేకపోతే స్టూడియో అతన్ని పిలవండి."

అప్పుడు మావయ్య వెళ్ళి తలుపు తట్టాడు. "అమ్మడూ, నేను. ఒక్క నిమిషం." గడియ తీసిన చప్పుడైంది. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలీదు. కాసేపటికి అక్క మొహం కడుక్కుని, తల దువ్వుకుని బయటికొచ్చి, ఎవరి వైపూ చూడకుండా అమ్మమ్మ పక్కన నిలబడింది.

నేను నా ఉద్యోగం చేశాను. మూత తీసి, అత్తయ్యకి చూపించి, జేబులో వేసుకుని వెనక వరసలోకి వెళ్ళి నిలబడ్డాను. మావయ్య మాకు వీపు చూపించి కెమెరా ఏదో సర్దుకున్నాడు, తిరిగాడు, రీలంతా తీశాడు.

మర్నాడు స్టూడియో నుంచి మావయ్య ఉత్త చేతులతో వచ్చాడు. ఫిల్ము గాజుముక్కలా ఖాళీగా వచ్చిందట, ఒక్క బొమ్మ లేదట, ప్రింటు వేసినా అంతా నలుపేనట.

ఆ తర్వాత జరిగింది ఫోటో తీయాల్సింది. అమ్మమ్మ కర్ర ఎత్తింది. అత్తయ్య తల పట్టుకుంది. నాన్న మూడేళ్ళ తర్వాత మావయ్యతో నేరుగా మాట్లాడాడు, ఆ మాటలు ఇక్కడ రాయకూడదు. నేను జేబులోంచి మూత తీసి "ఇదిగో, నా దగ్గరే ఉంది" అని ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. "మామా అల్లుళ్ళిద్దరూ ఒకే బాపతు" అని నన్నూ కలిపి ఉతికారు. మావయ్య మాత్రం "మతిమరుపు, ఏం చేయను" అని తలొంచుకుని నిలబడ్డాడు.

ఇంత గోలలో ఓ మూల నుంచి నవ్వు వినిపించింది. అక్క. సగం నోటితో, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. జబ్బు చేశాక అదే మొదటిసారి.

"సరిగ్గా వచ్చిన ఫోటో చూసేదాకా నేను చావనుగాక చావను" అని అమ్మమ్మ ప్రకటించింది. అన్నమాట నిలబెట్టుకుంది కూడా. ఆ ఏడాది జలుబు కూడా చేయలేదు.

డాక్టరు మాటా నిజమైంది. అక్క పెదవి మెల్లిగా దాని చోటికి అది వచ్చేసింది, కన్ను మూసుకుంది, బడికి వెళ్ళి పిల్లల మీద కేకలేయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు అమ్మమ్మ పుట్టినరోజుకి మళ్ళీ అందరం చేరాం. ఈసారి అక్కని ఎవరూ పిలవక్కర్లేకపోయింది, అందరికంటే ముందొచ్చి మధ్యలో నిలబడింది. ఫోటో ఒక్కొక్కళ్ళ వెంట్రుకలు లెక్కపెట్టుకునేలా వచ్చింది. అది చూసి ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది, అమ్మమ్మ తప్ప. "ఇంక నేను చావొచ్చన్నమాట" అని దిగులుపడి, వెంటనే ఇంకో ఫోటో కావాలంది.

ఆ సాయంత్రం కెమెరా సర్దుతుంటే తోలుసంచీ అడుగున చేతికి ఏదో తగిలింది. నల్లరంగు పూసిన మందుబిళ్ళల మూత. అసలుది నా జేబులో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక నాకు విషయం అర్థమైంది. అక్క దగ్గరికి పరిగెత్తాను.

"ఇప్పుడా తెలిసింది నీకు?" అంది అక్క. "ఆ రోజు గదిలోకొచ్చి ఇది చూపించాడు. 'స్టూడియో అతనైతే మూత మర్చిపోడమ్మా, నాకైతే ఆ సౌకర్యం ఉంది, వచ్చి నిలబడు' అన్నాడు. అంతే."

వెళ్ళి మావయ్య ముందు రెండు మూతలూ పెట్టాను. "రెండెందుకు మావయ్యా?"

మావయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఒకటి మర్చిపోవడానికి. ఒకటి గుర్తుపెట్టుకుని మర్చిపోవడానికి."

నాకు ఆయన మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఆడిపోసుకున్నాం, ఎన్ని నల్ల ఫోటోల వెనక ఎంత మంచితనం దాగుందో అనుకున్నాను. "అయితే నాన్న షీల్డు ఫోటో కూడా? నాన్నకి ముందు పన్ను ఒకటి వంకర కదా, అది కనపడకూడదనా?"

మావయ్య గుమ్మం వైపు చూసి నాన్న లేడని రూఢి చేసుకున్నాడు.

"లేదురా. అది నిజంగానే మర్చిపోయాను" అన్నాడు మెల్లిగా. "కానీ ఆ పంటి సంగతి బాగుంది. బావ అడిగితే అదే చెప్పు."