తపస్సు మాను

పూతలపట్టు దగ్గర ఒక ఊళ్లో భారతం ఆడిస్తే, ఇరవై రెండేళ్లుగా అర్జునుడు గంగాధరమే. అర్జునుడి తపస్సుకి గుర్తుగా నాటిన, ఆకాశాన్నంటే తపస్సు మాను మెట్టు మెట్టుకీ పద్యం పాడుతూ ఎక్కాలి, పైనుంచి నిమ్మకాయలు విసరాలి. బిడ్డల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద కొంగు చాచుకుని ఉంటారు. నిమ్మకాయ పడ్డ కొంగు పండినట్టే.

మాను ఎక్కేవాడికి నిష్ఠ ఉంది. ఉత్సవానికి జెండా ఎత్తిన నాటినుంచి ఒంటిపూట తిండి, గుళ్లోనే పడక, నీచు ముట్టకూడదు. చెనిక్కాయలు పండించినంత కాలం అతనికి అదొక లెక్క కాదు. ఎండాకాలం చేన్లో పనేముంది గనక! బోరు ఎండి, చేను మామిడితోపు వాళ్ల చేతికి పోయాక, నాయుడుపేటలో ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. మిగతా వేషగాళ్లూ తలో దిక్కుకి పోయారు. ద్రౌపది కట్టేవాడు ఇప్పుడు పాల వ్యాను తోలుతున్నాడు.

నిరుడు సెలవు ఒక్కరోజే దొరికింది. ముందురోజు మెస్సులో కోడికూర పెట్టారు. పన్నెండు గంటలు నిలబడ్డ ఆకలి. తెలిసే తిన్నాడు. మర్నాడు బస్సు దిగి, స్నానం చేసి, మాను దగ్గరికి పోయాడు. గుడి పెద్ద మునెయ్య కంకణం దారం చూసుకుంటూ, ఆనవాయితీగా అడిగాడు.

“నిష్ఠ తప్పలేదు గదప్పా?”

“తప్పలేదు మామా.”

ఎక్కాడు, పాడాడు. మొదటి నిమ్మకాయ భానుప్రియ కొంగులో పడింది. పెళ్లయి తొమ్మిదేళ్లయినా ఆమెకు పిల్లల్లేరు.

ఈ ఏడు మానుకి ఇంకా పసుపు పూస్తుండగానే ఆమె మూడు నెలల మగబిడ్డను తెచ్చి అతని కాళ్ల దగ్గర పడుకోబెట్టింది.

“నీ సెయ్యి సల్లనిదన్నా. పేరు నువ్వే పెట్టాల.”

గంగాధరానికి తల కొట్టేసినట్టయింది. బిడ్డను తాకడానికి చెయ్యి రాలేదు. ఈసారి నీచు ముట్టలేదు గాని, గుళ్లో పడుకున్నదీ లేదు, ఒంటిపూట ఉన్నదీ లేదు. పొద్దున బస్సుకే దిగాడు.

మునెయ్య కంకణం తెచ్చాడు. అదే ప్రశ్న.

“తప్పినా మామా,” అనేశాడు గంగాధరం. “పోయినేడు గూడా తప్పినా. కోడికూర తిని మానెక్కినా. నీతో అబద్ధం జెప్పినా.”

భానుప్రియ బిడ్డను ఎత్తుకుని కొంగు కప్పుకుంది. పేరు సంగతి మళ్లీ ఎత్తలేదు.

మునెయ్య చెయ్యి మాత్రం ఆగలేదు. ముడి వేస్తూనే గొంతు తగ్గించాడు.

“తెలుసులేప్పా. ఆ పొద్దే బస్సు దిగొచ్చేవానికి నిష్ఠ యాడ కుదురుతాది? అందుకే అడిగేటప్పుడు నీ మొగం సూడలేదు. నిన్ను వద్దంటే ఎక్కేదానికి ఇంగెవురుండారు? ఎక్కు, పొద్దెక్కతా ఉండాది.”

నలుగురూ తిట్టి పంపేస్తే బాగుండేది. నిజం చెబితే బరువు దిగుతుందనుకున్నాడు, పాపం. మునెయ్యకి ముందే తెలుసు. దిక్కులేక ఊరుకున్నాడు.

మొదటి మెట్టు మీద కాలుపెట్టి పద్యం అందుకున్నాడు. కింద ఆడవాళ్లు తడి కొంగులు చాచారు. నిమ్మకాయలు విసిరేటప్పుడు అతను కిందికి చూడలేదు.