గేరుకీ గేరుకీ మధ్య గ్లాసుడు నీళ్ళు

తాడేపల్లిగూడెంలో మా స్పేర్‌పార్ట్స్ కొట్టుకీ దుర్గారావు షెడ్డుకీ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. అవతల ఏ బండి గేరు ఎలా మూలుగుతోందో పదకొండేళ్ళుగా వింటున్నాను. అడక్కుండా ఉండలేని జబ్బు నాది. బండి లోపలికి రాగానే నేనూ వెనకాలే వెళ్ళి "ఏమైందండీ" అంటాను. దుర్గారావు విసుక్కోడు. ఇంజన్ జోలికి పోడు, బ్రేకులు చూడమన్నా చూడడు, గేరుబాక్సు ఒక్కటే ఆయన పని. లివరు మీద అరచెయ్యి ఆనించి బండిని ఒక్క ఫర్లాంగు నడిపి లోపల ఏది అరిగిందో చెబుతాడు. ఆ చెయ్యి తప్పు చెప్పడం నేను చూడలేదు. ఇందుజ కారు వచ్చేదాకా చూడలేదు.

ఇందుజది కైకలూరు. వాళ్ళ నాన్న సత్తిరాజుకి రెండు సీడు బళ్ళున్నాయి. సీడంటే చేప పిల్లలు. హేచరీలో తొట్టెల నిండా నీళ్ళతో ఎక్కించుకుని, ప్రాణాలతో చెరువు గట్టుకి చేర్చాలి. ఆ పిల్ల ఇంజనీరింగు ఆఖరి ఏడాది చదువుతోంది. కాలేజీ రేసింగు జట్టులో చోటు కావాలని దాని పట్టుదల. కిందటేడు చెన్నైలో జరిగిన సెలెక్షన్లో ఒక్క సెకను తేడాతో పోయింది. ఈ ఏడు ఇంకో పదిహేను రోజులుంది. వచ్చే ఏడాదికి కాలేజీలోనే ఉండదు కాబట్టి ఇదే ఆఖరి అవకాశం.

"ఇంజన్లో లోటేం లేదండి," అంది వచ్చిన రోజున, తన ఎర్ర కారు బానెట్టు మీద చెయ్యి వేసి. "నాలుగు వందల మీటర్ల పరుగులో మూడుసార్లు గేరు మార్చాలి బాబాయ్ గారూ. ఒక్కోసారి నాకు 0.9 సెకను పడుతోంది. సెలెక్టయినోళ్ళకి అర సెకనే అండి."

"అంటే మూడుసార్లకీ కలిపి సెకను పైన అక్కడే పోతందన్నమాట," అన్నాడు దుర్గారావు. ఆయన ముఖంలో నాకు తెలిసిన వెలుగొకటి వచ్చింది. మంచి రోగం దొరికిన వైద్యుడి ముఖం అది.

స్టీరింగు కింద ఆ పిల్ల చిన్న పరికరం ఒకటి తగిలించింది. గేరు మార్చినప్పుడు ఇంజన్ బలం చక్రాలకి అందకుండా పోయి మళ్ళీ అందేదాకా ఎంతసేపు పట్టిందో ఫోనులో గీతగా పడుతుంది. గీత కిందికి దిగుతుంది, కాసేపు చదునుగా పోతుంది, మళ్ళీ లేస్తుంది. ఆ మధ్యలో చదును ఎందుకుందో నాకు అంతుపట్టలేదు. నాలుగుసార్లు అడిగాను. ఇద్దరూ గేరుబాక్సులోకే తలలు దూర్చి ఉన్నారు.

మొదటి వారమంతా మరమ్మతే. లివరు తక్కువ దూరం కదిలితే చాలేలా పొట్టి లివరు బిగించాడు. మెత్తబడ్డ రబ్బరు బుష్‌లు తీసి గట్టివి వేశాడు. నా కొట్టులోంచే పల్చటి గేరు ఆయిలు తీసుకెళ్ళి పోశాడు. బాక్సు దింపి, గేర్లని ఒకే వేగానికి తెచ్చి కలిపే ఇత్తడి రింగులు మార్చాడు. ఇంత చేస్తే 0.9 కాస్తా 0.8 అయింది. చదును మాత్రం అలాగే ఉంది. మళ్ళీ దింపాడు. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ 0.8.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుందండీ మీ వ్యవహారం," అన్నాను ఉండబట్టలేక. "బాక్సు బాగానే ఉందేమో."

దుర్గారావుకి కోపం వచ్చింది. "అమ్మాయి చెయ్యి బాగోలేదంటారా కిరణ్ గారూ? రేపు రన్‌వే మీద నేనే నడుపుతాను, చూద్దురుగాని."

మా ఊరి పాత ఏరోడ్రమ్ రన్‌వే మీద విమానాలు లేవు గానీ, ఊళ్ళో సగం మంది కారు నేర్చుకున్నది అక్కడే. తెల్లారి ఆరింటికి, నడకకి వచ్చినవాళ్ళు పక్కకి తప్పుకున్నాక, ఇందుజ మూడుసార్లు నడిపింది. 0.8. దుర్గారావు మూడుసార్లు నడిపాడు. 0.8. ఇద్దరి గీతలూ ఒకదాని మీద ఒకటి పెడితే తేడా తెలియలేదు.

"చూశారా," అన్నాడు దిగి. "ఎవరు నడిపినా అంతే. దోషం బాక్సులోనే ఉంది. మళ్ళీ దింపాలి."

అప్పటికి ఇంకో ఎనిమిది రోజులే ఉన్నాయి. ఇందుజ కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను. నాకు దిగులేసింది. దిగులేస్తే నాకు కుదురు ఉండదు.

"నేనొక్కసారి నడపనా?" అన్నాను.

నా డ్రైవింగు గురించి ఊళ్ళో పెద్ద పేరేమీ లేదు. ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అయినా తాళం ఇచ్చారు. రెండో గేరులోంచి మూడులోకి లాగి కొట్టాను. లోపల కీచుమంది. దుర్గారావు కడుపు చేత్తో పట్టుకున్నాడట. నాకు కనిపించలేదు. ఫోనులో 0.6 పడింది. గీత దిగింది, లేచింది. మధ్యలో చదును లేదు.

చాలాసేపు ముగ్గురం ఆ ఫోనే చూశాం. చివరికి దుర్గారావు కారులో కూర్చుని, ఇంజన్ ఆపే ఉంచి, గేరు మార్చాడు. మళ్ళీ మార్చాడు. అప్పుడు చూశాను నేను. రెండులోంచి న్యూట్రల్‌కి వచ్చి ఆయన చెయ్యి ఆగుతోంది. ఒక్క గుటక వేసేంత సేపు ఆగి, తరవాత మూడులోకి వెళ్తోంది.

"అమ్మాయ్, నువ్వు మార్చు," అన్నాడు.

ఇందుజ మార్చింది. దాని చెయ్యీ అక్కడే ఆగింది.

"అక్కడెందుకు ఆగుతున్నారండీ?" అన్నాను.

"నీళ్ళు సర్దుకోవాలి కదండి," అన్నాడు దుర్గారావు, అదేదో లోకమంతటికీ తెలిసిన సంగతిలాగా. అనేసి, తన మాట తనకే వినబడి, లివరు మీంచి చెయ్యి తీసేశాడు.

ఆయన కొల్లేరు లంక గ్రామంలో పుట్టాడు. పంతొమ్మిదో ఏట కైకలూరులో నరసింహరాజు అనే పెద్దాయన సీడు బండి ఎక్కాడు. బండి నేర్పేటప్పుడు ఆ పెద్దాయన డాష్‌బోర్డు మీద న్యూస్‌పేపరు మడిచి వేసి, దాని మీద స్టీలు గ్లాసులో వేలెడు తక్కువగా నీళ్ళు పోసి పెట్టేవాడట. పేపరు తడిస్తే బండి దిగి నడవాల్సిందే. తొట్టెల్లో నీళ్ళు ఊగితే పిల్లలు గోడలకి కొట్టుకుని చచ్చిపోతాయి. ఒకసారి పెదపాడు దగ్గర పేపరు మీద మూడు చుక్కలు పడ్డాయి. ఏలూరు దాకా నడిచాడు. ఆ తరవాత పన్నెండేళ్ళు చుక్క పడలేదు. గేరుకీ గేరుకీ మధ్య నీళ్ళు నిలకడగా అయ్యేదాకా చెయ్యి ఆపడం అలా పట్టుబడింది. బండి మానేసి షెడ్డు పెట్టే ముందు సత్తిరాజుకి అదే గ్లాసుతో నేర్పాడు. సత్తిరాజు కూతురికి నేర్పాడు.

"ఆ ఆగడం నాదే అమ్మా," అన్నాడు. "మీ నాన్నకి నేనిచ్చాను. మీ నాన్న నీకిచ్చాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేను పోయి బాక్సు విప్పాను."

మర్నాటి నుంచి పని తిరగబడింది. దాచుకున్న అదే స్టీలు గ్లాసు తెచ్చి కారు డాష్‌బోర్డు మీద టేపుతో బిగించాడు. కింద పేపరు వేశాడు. ఈసారి పేపరు తడవాలి. రెండులో నిదానంగా పోతూ మూడుకి ఒక్క ఊపులో రావాలి. తడవలేదు. ఇందుజ పళ్ళు బిగించి లాగినా న్యూట్రల్ దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే మెత్తబడేది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు," అన్నాను. దుర్గారావు నన్ను చూసిన చూపుకి మళ్ళీ ఆ సామెత ఎత్తలేదు.

పైగా ఆయనే చేసి చూపించలేడు. ప్రయత్నించాడు. పేపరు పొడిగానే ఉంది. "నాకు రానిదాన్ని నీకెలా నేర్పుతానమ్మా," అని మెట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు నాకు తోచింది. షెడ్డులో ఇంజన్ ఆపిన కారులో పిల్ల కూర్చుంటుంది. నేను చప్పట్లు కొడతాను. చప్పుడు వినబడేసరికి లివరు మూడులో ఉండాలి. రోజుకి రెండు వందల చప్పట్లు. కొట్టు మీదికి వచ్చిన బేరగాళ్ళు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు.

మూడో రోజు సత్తిరాజు దుర్గారావుకి ఫోన్ చేశాడు. "పందెం సరేనండి బాబూ. వేసంగిలో సీడు లోడు నడిపేది మా అమ్మాయేనండి. చెయ్యి పాడవదు కదండీ?" ఫోను పెట్టేశాక దుర్గారావు చాలాసేపు పానాలు తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచిన పానానే మళ్ళీ తుడిచాడు. కానీ నేర్పడం ఆపలేదు.

అయిదో రోజు పొద్దున రన్‌వే మీద, పక్క సీట్లో కూర్చున్న దుర్గారావు ముఖం మీద గ్లాసులో నీళ్ళు సగం పడ్డాయి. ఫోనులో 0.45. ఆయన చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు. తుడిచిందంతా గ్లాసు నీళ్ళేనని నేను అనుకోను.

సెలెక్షన్ రోజు మధ్యాహ్నం ఇందుజ చెన్నై నుంచి నా కొట్టుకి ఫోన్ చేసింది. జట్టులో ఆఖరి చోటు, 0.2 సెకను తేడాతో. నేను రేకు గోడ మీద చేత్తో బాదాను. దుర్గారావు వచ్చి విని, "మంచిదమ్మా" అని రెండుసార్లన్నాడు. ఫోను నాకిచ్చాక, "చెయ్యి పాడుచేశానేమో కిరణ్ గారూ," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గెలిచిన రోజున కూడా ఈ మనిషికి సుఖం లేదు.

అది జరిగిన నాలుగో రోజున షెడ్డు ముందు సీడు బండి ఆగింది. వెనకాల తొట్టెల మీద తడి గోనెలు కప్పి ఉన్నాయి. డ్రైవరు సీట్లో ఇందుజ.

"కైకలూరులో లోడు ఎక్కించానండి," అంది. "ఇటు పక్క చెరువుకే. వచ్చి చూసుకోండి బాబాయ్ గారూ."

డాష్‌బోర్డు మీద స్టీలు గ్లాసు, కింద మడిచిన న్యూస్‌పేపరు. గ్లాసులో వేలెడు తక్కువగా నీళ్ళు. దారిలో మళ్ళీ నింపిందేమోనని, నా బుద్ధి నాది కదా, పేపరు మీద నాలుగు మూలలా వేలు రాసి చూశాను. పొడిగా ఉంది.

దుర్గారావు తొట్టె మీద గోనె ఎత్తి లోపలికి తొంగి చూశాడు. పిల్లలు తిరుగుతున్నాయి. గోనె మళ్ళీ కప్పి, ముందుకి వచ్చి, గ్లాసు తీసుకుని, ఆ నీళ్ళు చుక్క మిగల్చకుండా తాగేశాడు.