మళ్ళీచెప్పు సిస్టర్

నర్సుగా పనిచేసే మా ఆడపడుచుకి ఆసుపత్రిలో ‘మళ్ళీచెప్పు సిస్టర్’ అని పేరు. ఇంట్లోనూ అంతే. పొయ్యి మీద పాలున్నాయని నాకు చెప్పి ఊరుకోదు. “ఏదీ, నేనేం చెప్పాను వదినా?” అంటుంది. మా ఆయన చెల్లెల్ని ఏడిపించేవారు: “నిన్ను చేసుకునేవాడు మనిషి కాదే, చిలకై ఉండాలి!” ఆయన పోయి ఏడాది. ఇంట్లో మిగిలింది అత్తయ్య, నేను, తనూ.

మొన్న అత్తయ్య జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, మా ఆడపడుచు పనిచేసే వార్డులోనే ఉంచారు. ఇంకోసారి పడితే లేవడం కష్టమన్నారు డాక్టరు. నేను గుండె చిక్కబట్టుకుని పక్కనే కూర్చున్నాను.

ఆ వార్డుకి డాక్టరు ఒక వేళకి, నడిపించే ఫిజియో ఒక వేళకి, మందుల ఆవిడ ఇంకో వేళకి వచ్చేవారు. ఒకరి మాట ఇంకొకరికి చేరేలోగా సగం గాలికి పోయేది. అందరూ ఒకేసారి రోగి మంచం దగ్గరే నిలబడి మాట్లాడుకోవాలని మా ఆడపడుచు నెలల తరబడి డాక్టరు వెంటపడింది. “సరేనమ్మా, ఒక్కరోజు చూద్దాం” అన్నారాయన. అత్తయ్య మంచంతోనే మొదలు!

“ఈ పూటే నడిపించండి” అన్నారు డాక్టరు. ఫిజియో వాకర్ ముందుకు జరిపాడు.

“ఆగండి సార్. పొద్దున కూర్చోబెడితే కళ్ళు తిరిగాయి. బీపీ పడిపోయింది” అంది మా ఆడపడుచు.

“నిన్ననే కొత్త మాత్ర మొదలైంది” అంది మందుల ఆవిడ.

డాక్టరు గడ్డం గోక్కున్నారు. “అయితే ఆ మాత్ర ఆపండి. సాయంత్రం బీపీ చూసి, బాగుంటే నడిపిద్దాం.”

“ఇద్దరు పట్టుకోవాలి సార్” అని మా ఆడపడుచు, అదే ఊపులో, “ఏదీ, మొత్తం మళ్ళీ చెప్పండి!” అనేసింది.

అని నాలుక కరుచుకుంది. డాక్టరు కళ్ళజోడు సర్దుకుని, బడిపిల్లాడిలా, “మాత్ర ఆపాలి, బీపీ చూడాలి, బాగుంటే నడిపించాలి” అన్నారు.

“ఇద్దరు పట్టుకోవాలి! అది మింగేశావేం నాయనా?” అని మంచం మీంచి అత్తయ్య గద్దించారు.

ముందు డాక్టరే పగలబడి నవ్వారు.

సాయంత్రానికి బీపీ కుదుటపడింది. ఒక పక్క కూతురు, ఒక పక్క ఫిజియో. అత్తయ్య లేచారు! కిటికీ దాకా నడిచారు! నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. గుమ్మంలోంచి డాక్టరు, “రేపట్నుంచి అన్ని మంచాల దగ్గరా ఇలాగే” అన్నారు. మా ఆడపడుచు నోరు తెరిచేలోగా, ఆయనే ఆ మాట మళ్ళీ ఒకసారి అనేశారు.

అత్తయ్య నావైపు తిరిగారు. “విన్నావా? మావాడుంటే ఈయన్నే చిలకనేవాడు” అంటూ కళ్ళు తుడుచుకోబోయారు.

“అమ్మా! రెండు చేతులూ వాకర్ మీదే” అని అరిచింది కూతురు. “ఏదీ, నేనేం చెప్పాను?”