గరాజులో బాగ్దాదు తగవు

మొన్న మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి వచ్చీ రాగానే, బూట్లైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి తన కొత్త క్లాసు గురించి మొదలుపెట్టింది. వెయ్యేళ్ళ కిందట బాగ్దాదులో ముస్లిం పండితులు గ్రంథంలోని మాటలకు అర్థం ఎలా చెప్పాలని వాదులాడుకున్నారట. దాని మీద వ్యాసం రాయాలట. "ఇట్స్ సో ఇంట్రెస్టింగ్, అమ్మా" అంది. ఉల్లిపాయలు తరుగుతున్నదాన్ని ఆగిపోయాను. ఆ తగవును ఇంట్రెస్టింగ్ అనగలిగినవాళ్ళు అదృష్టవంతులు. నా కాపురం ఒక సాయంత్రం దాని మీదే వేలాడింది.

మాది గుంటూరు వైపు. ఇంట్లో తెలుగు, నమాజులో అరబ్బీ. ఈ దేశం వచ్చాక పాపటోయిటోయి అనే పేటలో మేం అద్దెకున్న ఇంటికి ఒక గరాజు ఉండేది. పాపం మా కారు వానలోనే తడిసేది, ఎందుకంటే మా ఆయన గరాజులో కార్పెట్ పరిచి, ఆదివారం సాయంత్రాలు తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి గ్రంథం చదివించేవారు. అందరికీ పెద్దదిక్కు మా అన్నయ్య. చదువు కోసం వచ్చి, ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతూ సెటిల్ అయినవాడు. గొంతు బాగుంటుందని నమాజు ఎప్పుడూ అతనే ముందు నిలబడి చేయించేవాడు. మా ఆయనా అతనూ ఒకరినొకరు 'బావా' అనే పిలుచుకునేవారు. నేను చాయ్, మిరపకాయ బజ్జీలు పంపేదాన్ని. బజ్జీల కోసమే వచ్చే భక్తులూ ఉండేవారు, వాళ్ళెవరో దేవుడికి తెలుసు.

గొడవ ఇయర్‌ఫోన్లలోంచి వచ్చింది. మా ఆయన మోటర్‌వే ట్రాఫిక్‌లో, అన్నయ్య ఫోర్క్‌లిఫ్ట్ మీద, ఎవరి ఉపన్యాసాలు వాళ్ళు విన్నారు. గ్రంథంలో 'దేవుని చేయి' అన్న మాట వస్తుంది. దేవుడు మనలాంటివాడు కాదు కాబట్టి చేయి అంటే శక్తి అని అర్థం చెప్పుకోవాలని పాతకాలపు పండితులు కొందరన్నారు. చేయి అంటే చేయే, మన చేయిలాంటిది కాదు, ఎలాంటిదని అడక్కూడదు, మాట మార్చకూడదు అని మరికొందరన్నారు. ఇలాంటి తగవుల్లో ఆ రోజుల్లో జైలుకు పోయినవాళ్ళున్నారు, కొరడా దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. మా ఆయన మొదటి పక్షం, అన్నయ్య రెండోది. కొన్ని వారాలు నవ్వుతూనే వాదించుకున్నారు. తర్వాత నవ్వు పోయింది. ఆ తర్వాత 'బావా' పోయి 'మీరు' వచ్చింది. అది విన్నప్పుడే నాకు భయం వేసింది.

ఆ చలికాలపు ఆదివారం వంటింట్లో ఉన్నాను. గరాజులోకి వెళ్ళే తలుపు ఓరగా తెరిచి ఉంది.

"గ్రంథంలో ఉన్న మాట కాదనడానికి మీరెవరు?" అన్నాడు అన్నయ్య.

"కాదనట్లేదు. అర్థం చెప్తున్నా" అన్నారు మా ఆయన.

"అట్టా అర్థం చెప్పేవాడు దీన్‌లో లేనట్టే."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. దీన్ అంటే మా మతం; దాన్ని వదిలినవాడితో ముస్లిం ఆడదానికి నికాహ్, అంటే పెళ్ళి, నిలవదు. ఆ సంగతి అక్కడున్న మగవాళ్ళలో ఎవరికీ ఆ క్షణాన తట్టలేదు. నాకు తట్టింది. స్టవ్ కట్టేసి, మగవాళ్ళ మధ్యకు ఎప్పుడూ వెళ్ళనిదాన్ని, వెళ్ళి నిలబడ్డాను.

"అన్నా, నా నికాహ్ ఉన్నట్టా, పోయినట్టా?" అని అడిగాను. "నాయన లేడని నా తరఫున కూర్చుని నన్నీయన చేతిలో పెట్టింది నువ్వేగా. ఇప్పుడు నువ్వే చెప్పు. పోయిందంటే బట్టలు సర్దుకుని నీ ఇంటికొస్తా. పిల్లని కూడా తెచ్చుకుంటా."

అన్నయ్య ముఖం పాలిపోయింది. మా ఆయన నా వైపు చూడలేదు. చూస్తే ఏడ్చేస్తారని నాకు తెలుసు. 'అబ్బే, మాట వరసకన్నాన్లే' అంటాడని ఎదురుచూశాను. అనలేదు. మా అన్నయ్య మాట వరసకు ఏదీ అనడు, అదే అతనితో వచ్చిన చిక్కు.

అంతలో ఎవరి ఫోన్లోనో మగ్రిబ్ అజాన్, పొద్దుగూకే వేళ నమాజు పిలుపు, మోగింది. అందరూ లేచారు. ముందు నిలబడాల్సిన అన్నయ్య కదలలేదు. దీన్‌లో లేనివాడి వెనక చేసిన నమాజు చెల్లదు. ఇది ఆ గరాజులో అందరికంటే అతనికే బాగా తెలుసు. కార్పెట్ వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఒక అడుగు వెనక్కి వేసి, వరసలో కలిశాడు.

"బావా, ఇయ్యాళ నువ్వు చేయించు" అన్నాడు.

మా ఆయన ముందుకు వెళ్ళారు. ఆయన గొంతు బాగుండదు, ఆ రోజు మరీ బొంగురుపోయింది. ఆయన వంగితే అన్నయ్య వంగాడు, ఆయన నుదురు నేలకు ఆనిస్తే అన్నయ్య ఆనించాడు. నేను తలుపు దగ్గరికి తప్పుకుని, అక్కడే నిలబడి అంతా చూశాను.

ఆ తర్వాత ఆదివారాలు సాగలేదు. అన్నయ్య క్రైస్ట్‌చర్చ్‌లో పని చూసుకుని వెళ్ళిపోయాడు. పండక్కి వస్తాడు, గోంగూర మాంసం అడిగి మరీ వడ్డించుకుంటాడు, ఆ మాట మాత్రం ఎత్తడు. మేమూ ఎత్తం. వాళ్ళిద్దరికీ అది మగ్రిబ్‌తో ముగిసిపోయింది. నా ప్రశ్నకూ అతని అడుగుకూ మధ్య కాసేపు నేను ఎవరి భార్యనో నాకే తెలియలేదు. ఇన్నేళ్ళు గడిచాయి గానీ, ఆ కాసేపు మాత్రం నాకింకా గడవలేదు.